పాత బడ్జీల జంటకు కొత్త పక్షులను కలపడం: తెచ్చిన రోజు నుంచి ఒకే పంజరం దాకా

ఇంట్లో ఒక బడ్జీల (షాపుల్లో లవ్ బర్డ్స్ పేరుతో అమ్మే చిన్న చిలుకలు) జంట కుదురుగా ఉంటే ఇంకో రెండు తెచ్చుకోవాలని ఎవరికైనా మనసు పుడుతుంది. కడపలో కొనడం పెద్ద పనేం కాదు. షాపులో ఎలా కలపాలని అడిగితే "ఏం గాదులే అన్నా, ఒకే దాంట్లో వదిలెయ్, రెండు దినాలు కొట్టుకోని అవే సర్దుకుంటాయి" అని చిల్లులు పొడిచిన అట్టపెట్టె చేతిలో పెడతారు. ఆ మాట విని అదే సాయంత్రం పంజరం తలుపు తీసినవాళ్లలో చాలామంది నెల తిరక్కముందే ఒకటో రెండో పక్షులను పోగొట్టుకుంటారు. కొత్తవి కొట్లాటలో దెబ్బతింటాయి. లేదంటే కొత్తవి మోసుకొచ్చిన రోగం పాతవాటికి అంటుకుంటుంది.

రెండింటికీ మందు ఒకటే, సమయం ఇవ్వడం. మొత్తం పనికి సుమారు రెండు నెలలు పడుతుంది. అందులో పక్షులు కలిసేది చివరి కొన్ని రోజులే, మిగతా రోజులన్నీ మీరు కూర్చుని గమనించేవే. అంత ఓపిక ఇప్పుడు లేదనిపిస్తే కొత్తవాటిని తేవద్దు. పాత జంటకు మీరు, మీ ఇల్లు, ఒకదానికొకటి తోడు చాలు. బడ్జీల జంట ఇంకెవరూ లేరని బెంగపడదు.

ముందు లెక్క సరిచూసుకోండి

ఎన్ని తేవాలి, ఆడవా మగవా అన్నది షాపుకు వెళ్లకముందే తేల్చుకోవాలి. బడ్జీల్లో మగది కలుపుగోలుగా ఉంటుంది, పాటలు పాడుతూ, తలాడిస్తూ, దొరికిన ప్రతిదానికీ మేత అందిస్తుంది. ఆడదానికి చోటు మీద పట్టు ఎక్కువ. తన కొమ్మ, తన మూల, తన గూడు అనుకున్నదాన్ని వదులుకోదు. రెండు ఆడవాటి మధ్య గూటి కోసం వచ్చే గొడవ ప్రాణం తీసేదాకా పోవచ్చు.

అందుకే ఒక మగ, ఒక ఆడ ఉన్న జంటకు ఒంటరి ఆడదాన్ని తేవడం అన్నిటికంటే చెడ్డ ఎంపిక. ఒక మగదాన్ని తెస్తే నడుస్తుంది. ఒక మగ, ఒక ఆడ కలిపి తెస్తే ఇంకా మేలు, రెండు జతలవుతాయి. నా ఓటు మాత్రం రెండు మగవాటికే. ఆడవాటి కంటే మగవి ఎక్కువున్న గుంపు ప్రశాంతంగా ఉంటుంది, పిల్లలు పెట్టించే ఆలోచన లేని ఇంటికి ఇదే సరైన లెక్క.

ఆడా మగా గుర్తుపట్టడానికి ముక్కు రంధ్రాల చుట్టూ ఉండే మెత్తటి భాగాన్ని చూడాలి. దాన్ని సీర్ అంటారు. పెద్ద మగదానికి అది ముదురు నీలం. పెద్ద ఆడదానికి తెలుపు కలిసిన లేత నీలం నుంచి గోధుమ రంగు దాకా మారుతుంటుంది. గుడ్లకు సిద్ధమైనప్పుడు అదే ముదురు గోధుమ రంగుకు తిరిగి, మందంగా, గరుకుగా అవుతుంది. పిల్లల్లో మగవాటికి సీర్ అంతా ఒకే గులాబీ ఊదా రంగులో ఉంటుంది. ఆడపిల్లలకు ముక్కు రంధ్రాల చుట్టూ తెల్లటి వలయాలు కనిపిస్తాయి. ఎర్ర కళ్ల పసుపు పక్షులు, ఎర్ర కళ్ల తెల్లవి మాత్రం ఈ లెక్కకు లొంగవు. వాటిలో మగదానికి పెద్దయినా సీర్ నీలంగా మారదు, గులాబీ రంగే ఉంటుంది.

ఎప్పుడు తేవాలి

మన దగ్గర దీపావళి అయిపోయాక తేవడం మంచిది. టపాసుల మోతకు బడ్జీలు చీకట్లో బెదిరి పంజరంలో దబదబా కొట్టుకుంటాయి. అసలే కొత్త ఇంటికి వచ్చిన పక్షికి ఆ రాత్రి నరకం. దీపావళి తర్వాత తెస్తే వేరు గదిలో ఉంచే రోజులు డిసెంబరుతో గడిచిపోతాయి, సంక్రాంతి సెలవుల్లో మీరు ఇంట్లో ఉన్నప్పుడు కలపవచ్చు, ఎండలు ముదిరేలోపు నాలుగూ ఒక గుంపుగా కుదురుకుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో కలిపే పని పెట్టుకోవద్దు. 43, 44 డిగ్రీల ఎండకు పక్షి నోరు తెరిచి, రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకుని రొప్పుతుంటుంది. దానికి అప్పుడు కావాల్సింది నీళ్లు, నీడ, గాలి. కొత్త గొడవలు తట్టుకునే శక్తి ఉండదు.

ఇంకొక సంగతి చూడాలి. బడ్జీల పుట్టిల్లు ఆస్ట్రేలియా లోపలి ఎండు నేలలు. అక్కడ వాన పడి గడ్డి గింజ పట్టినప్పుడే ఇవి గూడు పెడతాయి. అందుకే ఇక్కడ కూడా చల్లబడి, మేత సమృద్ధిగా ఉంటే గూటి ఆలోచన మొదలవుతుంది. మీ ఆడదాని సీర్ ముదురు గోధుమ రంగుకు తిరిగి, అది కనిపించిన ప్రతి చెక్కా కొరుకుతుంటే కొత్తవాటిని కలపడం వాయిదా వేయండి. పంజరంలో గూటికని పెట్టిన మట్టి ముంత ఉంటే ఇప్పుడే తీసేయండి. గుడ్లుంటే, పిల్లలుంటే ఆ విడత పూర్తయి పిల్లలు సొంతంగా తినేదాకా ఆగాలి.

షాపులో ఏం చూడాలి

దూరం నుంచి కాసేపు చూడండి. చేయి దగ్గరికి పోతే జబ్బు పక్షి కూడా ఈకలు అణచుకుని చురుగ్గా నటిస్తుంది. అడవిలో వేటాడేవాటికి చిక్కకుండా ఉండటానికి పుట్టిన అలవాటది. ఈకలు పొంగించుకుని పగలే నిద్రపోతున్నదాన్ని, కూర్చున్నచోటే ఊపిరితో పాటు తోక పైకీ కిందికీ ఊగుతున్నదాన్ని, తోక కింద ఈకలకు రెట్ట అంటుకున్నదాన్ని వదిలేయండి. దానితో ఒకే పంజరంలో ఉన్నవాటిని కూడా వదిలేయండి.

పిల్లలైతే మంచిది. నుదుటి మీద నల్ల గీతలు సీర్ దాకా దిగి ఉంటే, కళ్లు పూర్తిగా నల్లగా ఉంటే అది మూడు నాలుగు నెలల లోపు పిల్ల. మొదటిసారి ఈకలు రాల్చుకున్నాక ఆ గీతలు పోయి నుదురు తెల్లగానో పసుపుగానో తేటపడుతుంది. పాత జంట పిల్లను పోటీదారుగా చూడటం తక్కువ.

షాపులన్నీ వీటిని లవ్ బర్డ్స్ అనే అమ్ముతాయి. నిజమైన లవ్ బర్డ్స్ ఆఫ్రికావి, పొట్టి తోక, లావు ముక్కుతో ఉంటాయి. అవి బడ్జీ వేళ్లు కొరికి పారేయగలవు, కాబట్టి ఒకే పంజరంలో ఎప్పటికీ వద్దు. ఎవరైనా చాటుగా రామచిలుక పిల్లను చూపిస్తే ముట్టుకోవద్దు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని అమ్మడం, కొనడం, పెంచడం అన్నీ నేరమే.

మొదటి మెట్టు: వేరే గది, వేరే గిన్నె, నలభై ఐదు రోజులు

అందరూ ఎగ్గొట్టే మెట్టు ఇదే, నేను అన్నిటికంటే గట్టిగా పట్టుబట్టేదీ ఇదే. ఒకే గదిలో రెండు మూలల్లో రెండు పంజరాలు పెట్టి వేరుగా ఉంచామనుకుంటే సరిపోదు. ఈకల దుమ్ము, ఎండిన రెట్ట పొడి ఫ్యాను గాలికి గదంతా తిరుగుతాయి. తలుపు మూసుకునే వేరే గది కావాలి. కనీసం 30 రోజులు, వీలైతే 45. తక్కువ గదుల ఇల్లయితే ఆ నెలన్నర కొత్తవాటిని బంధువుల ఇంట్లో ఉంచినా మంచిదే, ఆ ఇంట్లో వేరే పక్షులు లేకపోతే చాలు.

రోజూ ముందు పాతవాటి పని చూడండి, తర్వాత కొత్తవాటి దగ్గరికి వెళ్లండి. ఆ తర్వాత సబ్బుతో చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకోండి. గిన్నెలు, కొమ్మలు, చీపురు దేనివి దానికే. పంజరం అడుగున పాత పేపరు కాకుండా తెల్ల కాగితం పరిస్తే రెట్ట స్పష్టంగా కనిపిస్తుంది. ఆరోగ్యమైన రెట్ట ముదురు ఆకుపచ్చ చుట్ట, మధ్యలో తెల్లటి చుక్క. నీళ్లలా పారుతున్నా, తెల్లటి భాగం పసుపుకో పచ్చకో తిరిగినా, అరగని గింజలు కనిపించినా జాగ్రత్తపడాలి.

కిచెన్‌లో వాడే డిజిటల్ త్రాసు, గ్రాము తేడా చూపించేది, ఒకటి కొనండి. చిన్న డబ్బాలో పక్షిని పెట్టి వారానికి రెండుసార్లు పొద్దున్నే, మేతకు ముందు తూచి రాసుకోండి. షాపుల్లో దొరికే బడ్జీ సాధారణంగా 30 నుంచి 40 గ్రాములుంటుంది. 35 గ్రాముల పక్షి మూడు నాలుగు గ్రాములు తగ్గిందంటే పదో వంతు పోయినట్టు. పైకి ఈకల్లో ఏమీ కనపడదు, త్రాసు మాత్రం చెప్పేస్తుంది.

ఈ రోజుల్లో మూడు జబ్బులు బయటపడవచ్చు.

ఒకటి ముఖం మీద సున్నం పూసినట్టు పేరుకునే పొక్కు. దగ్గరగా చూస్తే ముక్కు మూలల్లో తేనెపట్టు లాంటి సన్నటి రంధ్రాలుంటాయి. కంటికి కనపడని మైట్స్ అనే పురుగులు చర్మంలో తొలిచిన సొరంగాలవి. కాళ్లకూ పాకుతుంది. దీనికి ఐవర్‌మెక్టిన్ పని చేస్తుంది కానీ మన ప్రాంతంలో గొర్రెలకు వాడే ఐవర్‌మెక్టిన్ చాలామంది ఇళ్లలో ఉంటుంది, దాన్ని సొంతంగా వేయొద్దు. నలభై కిలోల జీవానికి చేసిన మందు నలభై గ్రాముల పక్షికి ఒక్క చుక్క ఎక్కువైనా ప్రాణాంతకం. పశువైద్యుడే కొలత చెప్పాలి.

రెండోది రోజంతా తింటూనే చిక్కిపోయే జబ్బు. రెట్టలో గింజలు అలాగే వస్తాయి, ఒక్కోసారి వాంతి చేసుకుని తల ఈకలు జిగురుగా ఉంటాయి. దీన్ని మెగాబ్యాక్టీరియా అంటుంటారు కానీ కడుపులో పెరిగే ఒక రకం ఈస్ట్ దానికి కారణం. అందుకే షాపులో ఇచ్చే పసుపు రంగు యాంటీబయాటిక్ పొడి నీళ్లలో కలిపినా దీనికి పని చేయదు. రెట్టను మైక్రోస్కోపు కింద చూస్తే డాక్టరు పోల్చుకోగలరు.

మూడోది సిట్టకోసిస్. క్లమిడియా జాతి బ్యాక్టీరియా వల్ల వస్తుంది, మనుషులకూ అంటుతుంది. పక్షికి కంటి నుంచి నీరు, ఆయాసం, తెల్లటి భాగం కూడా ఆకుపచ్చకు తిరిగిన రెట్ట ఉంటే అనుమానించాలి. ఇంట్లో ఎవరికైనా జ్వరం, పొడి దగ్గు, విపరీతమైన తలనొప్పి వస్తే "మా ఇంట్లో కొత్తగా పక్షులు తెచ్చాం" అని డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఆ ఒక్క మాటతో వైద్యం దారి మారుతుంది.

చిన్న పక్షులను రోజూ చూసే డాక్టర్లు మన జిల్లాలో తక్కువ. ప్రొద్దుటూరులో వెటర్నరీ కాలేజీ ఉంది, తిరుపతిలో ఇంకా పాత కాలేజీ ఉంది. జబ్బు వచ్చాక వెతుక్కోకుండా ఎవరు చూస్తారో ముందే ఫోన్ చేసి కనుక్కుని పెట్టుకోండి.

ఈ నెలన్నరలోనే పాత జంట తినే మేతను కొత్తవాటికి అలవాటు చేయండి. పొట్టు తీయని కొర్రలే కొనాలి, మనం వండుకునే కొర్ర బియ్యం కాదు. పొట్టు వలుచుకోవడంలోనే వాటికి సగం కాలక్షేపం. పంట చేతికొచ్చే రోజుల్లో పల్లెల్లో తెలిసినవాళ్లనడిగి కొర్ర కంకులు ఒక కట్ట తెచ్చుకోండి, మందు కొట్టనివైతే మేలు. కడిగి ఎండబెట్టి దాచండి. రేపు పక్షులను కలిపేటప్పుడు ఇంతకంటే పనికొచ్చే వస్తువు లేదు.

గదులు వేరైనా గొంతులు వినిపిస్తూనే ఉంటాయి. రెండో వారానికల్లా అటు ఒకటి కూస్తే ఇటు ఒకటి బదులిస్తుంది. అది మంచిదే, ఆపవద్దు.

రెండో మెట్టు: పక్కపక్కన పంజరాలు

నెలన్నర గడిచి, బరువు నిలకడగా ఉండి, డాక్టరు కూడా సరేనంటే కొత్తవాటి పంజరాన్ని పాతవాటి గదిలోకి తేండి. మొదట నాలుగైదు అడుగుల దూరం. రోజు రోజుకూ జరుపుతూ చివరికి రెండు పంజరాల మధ్య జానెడు ఎడం ఉంచండి. ఆనించవద్దు. ఊచలకు వేలాడే పక్షి కాలి వేళ్లను అవతలి పక్షి కొరికేస్తుంది, బడ్జీల్లో వేలు తెగే గాయాలు ఎక్కువగా ఇలాగే అవుతాయి.

చాలా ఇళ్లలో పంజరం కడప బండ అరుగు మీదే పెడతారు. పొద్దున చల్లగా ఉన్నా పడమటి ఎండ తగిలితే ఆ నల్లరాయి సాయంత్రం దాకా సెగ వదులుతుంది, కింద చెక్క వేయండి లేదా చోటు మార్చండి. తాలింపు ఘాటు, అగరొత్తులు, సాంబ్రాణి, దోమల చుట్ట పొగ తగలని గది కావాలి. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ నిమిషాల్లో పక్షిని చంపుతుంది.

ఈ మెట్టుకు కనీసం వారం ఇవ్వండి, పది రోజులైనా పర్వాలేదు. రెండు పంజరాల్లోనూ ఎదురెదురుగా ఉండే వైపు ఒక్కో కొర్ర కంకి కట్టండి. మొదటి రోజు పాత ఆడది కొమ్మ మీద బల్లపరుపుగా సాగి, మెడ ముందుకు చాచి, నోరు తెరిచి బెదిరిస్తుంది. కొత్తవి అవతలి మూలకు పోయి నక్కుతాయి. మూడో నాలుగో రోజు ఒక చిన్న మార్పు కనిపిస్తుంది. పాతవి గింజ ఒలిచే పటపట శబ్దం వినగానే కొత్తవి కూడా గిన్నె దగ్గరికి దిగుతాయి. తర్వాత ఒకటి రెక్క చాచి ఈకలు దువ్వుకుంటే అవతలిదీ దువ్వుకుంటుంది. మధ్యాహ్నం కునుకుకు నాలుగూ ఒకదానివైపు ఒకటి తిరిగిన చివరి కొమ్మల మీదికి చేరాయంటే తర్వాతి మెట్టుకు సిద్ధమైనట్టే. వారమైనా ఆడది ఊచలు పట్టుకుని దూకుతూనే ఉంటే ఇంకో వారం ఆగండి.

మూడో మెట్టు: ఎవరిదీ కాని చోట కలవడం

మీ పక్షులు చేతికి అలవాటై బయట తిరిగేవైతే ఈ మెట్టు హాయిగా సాగుతుంది. సీలింగ్ ఫ్యాన్ ఆపండి, ఎవరూ పొరపాటున వేయకుండా స్విచ్ మీద టేపు అంటించండి. కిటికీలు మూసి పరదాలు వేయండి, అద్దం మీద దుప్పటి కప్పండి, నీళ్ల బకెట్లు తీసేయండి. గదిలో మూడు చోట్ల మేత, కంకులు పెట్టి రెండు పంజరాల తలుపులూ ఒకేసారి తీయండి. మీరు ఒక మూలన కూర్చోండి, ఎవరినీ పట్టుకుని ఇంకొకరి పక్కన పెట్టవద్దు. తలాడిస్తూ, కంటిపాప చిన్నది పెద్దది చేస్తూ మగవి ముందు పరిచయం చేసుకుంటాయి. రోజుకు అరగంట, గంట, కొన్ని రోజుల పాటు.

బయటికి రాని పక్షులైతే, మన ఇళ్లలో ఇవే ఎక్కువ, తరిమి పట్టుకుని బయట వదిలి భయపెట్టకండి. నాలుగింటికీ కొత్తదైన పెద్ద పంజరం తెచ్చి నేరుగా నాలుగో మెట్టుకు వెళ్లండి.

నాలుగో మెట్టు: ఒకే పంజరం

నాలుగు బడ్జీలకు కనీసం 36 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 24 ఎత్తు ఉండాలి. ఇంకా పొడవుంటే ఇంకా మంచిది. ఇవి అడ్డంగా ఎగిరే పక్షులు, ఎత్తు పెంచితే పెద్ద ఉపయోగం లేదు. ఊచల ఎడం అర అంగుళం దాటకూడదు. వెల్డ్ మెష్ అనే ఇనుప జాలీతో చేయిస్తే జింక్ పూత పొట్టుగా రాలి పక్షి కడుపులోకి పోకుండా వెనిగర్‌తో బ్రష్ కొట్టి, కడిగి, బాగా ఆరబెట్టాకే వాడండి.

పాత పంజరాన్నే వాడాలంటే దాన్ని పరాయి చోటులా మార్చాలి. అంతా కడగండి, కొమ్మలు మార్చండి, వేప, జామ కొమ్మలు శుభ్రంగా కడిగి వేయవచ్చు. పంజరాన్ని గదిలో వేరే గోడకు జరపండి. పైన ఒకే ఎత్తులో రెండు పొడవాటి కొమ్మలు ఉండాలి, ఎందుకంటే సాయంత్రం అన్నీ పై కొమ్మకే పోటీ పడతాయి. మేత గిన్నెలు మూడు, నీళ్లు రెండు, అన్నీ దూరదూరంగా, ఒకే ఎత్తులో. గుడిసె బొమ్మలు, అద్దం, ముంత ఏవీ వద్దు.

మీరు రోజంతా ఇంట్లో ఉండే రోజు, పొద్దున్నే మొదలుపెట్టండి. ముందు కొత్తవాటిని వదిలి, చోటు చూసుకోవడానికి అరగంట ఇచ్చి, తర్వాత పాతవాటిని వదలండి. సాయంత్రం ఐదుకల్లా ఇంకా ఉద్రిక్తంగా ఉంటే విడదీసి ఎవరి పంజరంలో వాళ్లను పడుకోబెట్టండి, మర్నాడు మళ్లీ. తేలని గొడవతో మొదటి రాత్రి కలిపి ఉంచకూడదు. కలిపి ఉంచిన రాత్రులు చిన్న బల్బు వెలుగు ఉంచండి.

ఏది మామూలు, ఏది కాదు

ముక్కులు తాకించుకుని కీచుమనడం, ఒంటికాలెత్తి పక్కకు నెట్టడం, కూర్చున్న చోటు నుంచి లేపడం, ఒక గంతు తరమడం, ఇవన్నీ మామూలే. ఎవరి స్థానం ఏదో తేల్చుకుంటున్నాయి. మీరు ప్రతిసారీ మధ్యలోకి చేయి పెడితే అది తేలదు.

కాలు గానీ సీర్ గానీ నోటబట్టి వదలకపోవడం, రెండూ పెనవేసుకుని కింద పడటం, ఒకే పక్షిని గంటల తరబడి తరమడం మామూలు కాదు. రక్తం కనిపించిందంటే ఆ రోజుకు అయిపోయినట్టే. గోల లేకుండా జరిగేది కూడా ఉంటుంది, అదే ఎక్కువ ప్రమాదం. ఒక పక్షి అడుగున మూలన నక్కి, గిన్నె వైపు రెండడుగులు వేసి, పైవాళ్లు తల తిప్పగానే వెనక్కి పోతుంటుంది. బడ్జీ ఒక పూట సరిగా తినకపోయినా నీరసిస్తుంది. అలాంటి రోజుల్లో సాయంత్రం త్రాసు తీయండి.

విడదీసేటప్పుడు చేయి పెట్టకుండా కొమ్మనో చిన్న టవల్‌నో మధ్యకు పోనివ్వండి. గోరు కొస తెగి రక్తం వస్తే కార్న్‌ఫ్లోర్ అద్ది నొక్కి పట్టుకోండి. చర్మం తెగితే ఏ పొడీ చల్లకుండా శుభ్రమైన గుడ్డతో మెల్లగా అదిమి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అంత చిన్న ఒంట్లో పోయే ప్రతి చుక్కా లెక్కే.

ఆ తర్వాతి వారాలు

మొదటి రెండు వారాలు తూకం ఆపవద్దు. పాత మగది కొత్త ఆడదానికి మేత పెడుతుంటే కంగారు పడకండి, జతలు మారడం బడ్జీల్లో ఉన్నదే. ఒంటరైన పక్షికి మిగతావాటిలో ఇంకో తోడు దొరుకుతుంది. రెండు జతలైతే ఇంకా మేలని మొదట్లో చెప్పింది ఇందుకే.

గూడు పెట్టించే కోరిక ఉంటే కనీసం మూడు నెలలు ఆగండి. అప్పుడు కూడా ఒక్కో జతను వేరే పంజరంలో పెట్టి ముంత ఇవ్వడమే క్షేమం. అందరి మధ్యా పెట్టాల్సి వస్తే ఆడవాటి కంటే రెండు ముంతలు ఎక్కువ, అన్నీ ఒకే ఎత్తులో కట్టాలి. ఒకటి పైన, ఒకటి కింద కడితే పైదాని కోసం గుడ్లు పగిలి, పిల్లలు చచ్చే యుద్ధం జరుగుతుంది.

ఎంత పద్ధతిగా చేసినా కొన్ని కలవవు. ముఖ్యంగా రెండు గట్టి ఆడవి. నెల రోజులు విడిగా పక్క పంజరంలో ఉంచి, మళ్లీ రెండో మెట్టు నుంచి మొదలుపెట్టండి. ఈసారి దూకుడుగా ఉన్న ఆడదాన్ని వారం పాటు ఒంటరిగా కొత్తవాటి పంజరం పక్కన ఉంచి, కలిపే పంజరంలోకి దాన్ని అన్నిటికంటే చివరగా వదలండి. అప్పటికీ కాకపోతే రెండు పంజరాలూ జానెడు ఎడంతో అలాగే ఉండనివ్వండి. అటూ ఇటూ కూసుకుంటూ, ఒకే సమయానికి తింటూ, ఒకే సమయానికి నిద్రపోతూ అవి హాయిగానే బతుకుతాయి.